ఎదెల్మీరా తుడిచిన నేల

లిన్కే రేవు బజారులో ఎదెల్మీరా పందొమ్మిదేళ్ళుగా నేల తుడుస్తోంది. చిలోయే దీవిలో వాన పడని రోజుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ బజారు నేల పొడిగా ఉండే రోజులు అంతకంటే తక్కువ. రేవు వైపు వాకిలి నుంచి చేపల పెట్టెలతో పాటు ఉప్పునీళ్ళు వస్తాయి. వీధి వైపు వాకిలి నుంచి బంగాళాదుంపల బస్తాలతో పాటు బురద వస్తుంది. రెండూ కలిసే చోట, పొడుగాటి నడవ మధ్యలో, మాపు కర్ర పట్టుకుని ఎదెల్మీరా ఉంటుంది.

యాభై నాలుగేళ్ళ మనిషి. భర్త పోయి ఏడేళ్ళు, పిల్లల్లేరు. ఇంటికెళితే పలకరించేది కట్టెల పొయ్యి ఒక్కటే, అదైనా తను వెలిగిస్తేనే. అందుకని ఆమె ప్రాణమంతా ఆ నేల మీద పెట్టుకుంది. సబ్బు డబ్బా మీద రాసినదానికి రెండింతలు పోసేది. శుక్రవారం సాయంత్రం మోకాళ్ళ మీద కూర్చుని పాలిష్ పట్టించేది. శనివారం పొద్దున పచ్చటి పలకలు చెరువు నీళ్ళలా తళతళలాడేవి. "ఎదెల్మీరా తుడిస్తే నేలలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు" అని మెచ్చుకునేవాళ్ళు చేపలవాళ్ళు. ఆ మాట చాలు, ఆమెకి వారమంతా కడుపు నిండేది.

ఎవరైనా జారిపడితే ఆమె ముందు వాళ్ళ కాళ్ళ వంక చూసేది. చెప్పులు అరిగిపోయి ఉండేవి, లేదా మనిషి తొందరలో ఉండేవాడు, లేదా చేతిలో బరువు ఉండేది. ఏదో ఒకటి ఉండనే ఉంటుంది కదా. తప్పు నేలదని ఆమెకి ఎప్పుడూ తోచలేదు.

ఏప్రిల్లో తుడిచే పనికి కొత్తగా యాస్నా వచ్చింది. ముప్పై మూడేళ్ళది, సన్నగా, ఎడమచేతివాటం మనిషి. అంతకుముందు ఎనిమిదేళ్ళు ఎక్కడో ఉత్తరాన ఒక ఆసుపత్రిలో నేలలు తుడిచిందట. మొదటిరోజు ఆమె మాపు ముట్టుకోలేదు. వీధి వాకిలి పక్కన గోడకి ఆనుకుని, గంటసేపు వచ్చేపోయేవాళ్ళ కాళ్ళే చూస్తూ నిలబడింది. వీళ్ళు ఎక్కడ అడుగు తడబడుతున్నారు, ఎక్కడ వంకర తిరుగుతున్నారు, ఎక్కడ గోడ పట్టుకుంటున్నారు అని చూసి, ఆ చోట్ల సుద్దముక్కతో చిన్న గుర్తులు పెట్టింది. ఎదెల్మీరా అటు వెళుతూ, జీతం తీసుకుని గోడకి వీపు ఆనించే ఉద్యోగం ఎంత బావుందో అనుకుంది. పైకి అనలేదు. అప్పటికింకా అసూయ లేదు, చులకన భావమే.

రెండోరోజు యాస్నా వంగి పలక మీద వేలితో రాసి, ఆ వేలిని బొటనవేలితో రుద్ది చూసింది.

"అక్కా, ఈ నేల మీద సబ్బు పొర ఉండిపోయింది. నీళ్ళు తగలగానే ఇదే జారుడవుతుంది. పైన పాలిష్ ఒకటి. ఇక్కడ ఎంతమంది పడ్డారు?"

"ఎవరూ పడలేదు," అంది ఎదెల్మీరా.

ఆ మాట అన్నాక ఆ రోజంతా ఆమెకి పేర్లు గుర్తుకొస్తూనే ఉన్నాయి. పీతలమ్మే ఒర్లాందో, మోచెయ్యి. బడిపంతులమ్మ, పళ్ళు. కడుపుతో ఉన్న ఒక పిల్ల, దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. పడవ నడిపే ముసలాయన, ఆయన మళ్ళీ కర్ర లేకుండా నడవలేదు. లెక్కపెడితే ఇరవైకి పైనే తేలారు. ప్రతి ఒక్కరి చెప్పులూ ఆమెకి గుర్తున్నాయి. ఇన్నేళ్ళూ మర్చిపోయాననుకున్నవాళ్ళలో ఒక్కరినీ తాను మర్చిపోలేదని తెలిసి, ఆ తెలిసినదానికి కారణమైన పిల్ల మీద ఆమెకి మొదటిసారి ఒళ్ళు మండింది.

బజారు అధికారి ఎర్నాల్దో పెద్దమనిషే గానీ కొత్తమాట చెవిన పడితే అటే మొగ్గే రకం. యాస్నా చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా ఒప్పుకున్నాడు. సబ్బు కొలిచి పొయ్యాలి. ఒక బకెట్లో సబ్బునీళ్ళు, ఇంకోదాంట్లో మంచినీళ్ళు, రెండోసారి మంచినీళ్ళతో తుడిచి పొర తీసెయ్యాలి. మాపు బాగా పిండాలి. నేల తడవాలి గానీ ఈదకూడదు. నడవనంతా ఒకేసారి తుడవకుండా సగం తుడిచి, అది ఆరాక రెండో సగం, ఎప్పుడూ జనానికి పొడిదారి ఒకటి మిగలాలి. పసుపుపచ్చ బోర్డు తడికి అవతల కాదు, మనిషి తడి తొక్కకముందే కనపడేటట్టు పెట్టాలి. ఆరాక తీసెయ్యాలి, లేకపోతే రేపటినుంచి ఎవరూ దాన్ని నమ్మరు. చేపకొవ్వు పడిన చోట వేడినీళ్ళూ, జిడ్డు కోసే మందూ. వాకిళ్ళ దగ్గర కాళ్ళు తుడుచుకునే పెద్ద పట్టాలు, మూలలు పైకి లేస్తే వెంటనే మార్చాలి, ఎందుకంటే తడికి జారేవాడికంటే పట్టాకి తట్టుకునేవాడు ఇంకా ఘోరంగా పడతాడు. శుక్రవారం పాలిష్ బంద్.

అన్నిటికంటే పైన ఒక మాట చెప్పింది యాస్నా. నేల మీద తడి ఎవరి కంట పడితే వాళ్ళే అక్కడ నిలబడాలి. అది ఎవరి వంతైనా సరే. బకెట్టు కోసం పరిగెత్తకూడదు, ఇంకొకరిని కేకేసి తెప్పించాలి, తుడిచి ఆరిందాకా కదలకూడదు.

పాలిష్ మానేసిన మొదటి శనివారం ఎదెల్మీరా నడవలోకి వచ్చి నిలబడిపోయింది. నేల మసగ్గా, ముసలివాళ్ళ కన్నులా ఉంది. పందొమ్మిదేళ్ళ కష్టాన్ని ఎవరో గీకి పారేసినట్టు అనిపించింది. ఇంకా ఘోరం ఏమిటంటే, ఎవరూ దాని గురించి అడగలేదు. మెరుపు ఏమైందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

మే నెలలోనే మొదలయ్యే అక్కడి చలికాలం నడిచింది. మే, జూన్, జులై. వానలు కుండపోతగా పడ్డాయి, బజారులో మాత్రం ఒక్కరూ పడలేదు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు. చేపలవాళ్ళు పొద్దున్నే మాతే ఆకుల టీ కాచుకుని, ఒకే గొట్టంతో వంతులవారీగా తాగుతారు. పందొమ్మిదేళ్ళలో ఎదెల్మీరాని ఆ గుంపులోకి రమ్మన్నది పండగలకీ పబ్బాలకీ మాత్రమే. యాస్నాకి మూడోనెలకే అందులో ఒక ముక్కాలి పీట సొంతమైపోయింది. ఆ పిల్ల ఏదో అంటుంది, వాళ్ళు పగలబడి నవ్వుతారు. ఎదెల్మీరా దూరంనుంచి మాపు పిండుకుంటూ, ఆ నవ్వు తన గురించేనేమో అనుకునేది. కాదని తెలిసినప్పుడు ఇంకా బాధేసేది. తన గురించి అనుకునేపాటి స్థానం కూడా లేదన్నమాట.

రాత్రిపూట మంచంలో యాస్నా తప్పులు వెతికేది. బోర్డు ఒకరోజు ఆలస్యంగా తీసింది. ఎడమచేత్తో తుడుస్తుంది కాబట్టి గోడవార ఒక చార మిగిలిపోతుంది. అంతకుమించి దొరకలేదు. దొరకనందుకు ఆ పిల్ల మీదే కోపమొచ్చేది.

ఆగస్టు చివర ఎర్నాల్దో అమ్మకందార్లందరినీ పోగుచేసి, చలికాలమంతా ఒక్క మనిషికి దెబ్బ తగలలేదని చెప్పి, యాస్నాని ముందుకి పిలిచాడు. చప్పట్లు కొట్టారు. యాస్నా సిగ్గుపడి, అక్క లేకపోతే ఈ నేల గుణం తనకి తెలిసేది కాదని ఎదెల్మీరా వైపు చెయ్యి చూపించింది. ఒకరిద్దరు అటు తిరిగి కూడా చప్పట్లు కొట్టారు. దానం చేసిన ఆ చప్పట్లు ఎదెల్మీరాకి చెంపదెబ్బల్లా తగిలాయి.

సెప్టెంబరు పద్దెనిమిది దేశమంతా పండగ. అంతకు రెండ్రోజుల ముందు మధ్యాహ్నం బజారు కిటకిటలాడుతోంది. ఆ వారం రేవు వైపు సగం యాస్నా వంతు, వీధి వైపు సగం ఎదెల్మీరా వంతు. యాస్నా వెనక గదిలో వేడినీళ్ళు పట్టుకుంటోంది. ఎదెల్మీరా చెత్తసంచీ మార్చడానికి రేవు వైపు వచ్చింది. చేపల పెట్టెలు దించే ఏటవాలు దారి కింద, ఒక పెట్టె మూల పగిలి, ఐసునీళ్ళు కారుతున్నాయి. మామూలు నీళ్ళు కాదు, సాల్మన్ కొవ్వు కలిసి పైన రంగులు తిరుగుతున్న నీళ్ళు. మూరెడు వెడల్పున్న పాయ, నడవలోకి పాకుతోంది.

ఆమె చూసింది. ఆగింది. అక్కడే, ఆ పాయ పక్కనే నిలబడింది కూడా. గొంతెత్తి ఒక్క కేక వేస్తే చాలు. కేక గొంతుదాకా వచ్చింది. అంతలో లోపలినుంచి ఇంకో మాట లేచింది: ఇది ఆవిడ వంతు, ఆవిడ పేరు, ఆవిడ చప్పట్లు, ఆవిడే చూసుకోనీ. ఒక్కసారి, ఒక్కళ్ళు, ఊరికే కాలు జారి కూర్చుంటే ఏమవుతుంది, అందరికీ తెలుస్తుంది. ఆమె సంచీ ముడివేసి, తన వైపుకి నడిచి వెళ్ళిపోయింది.

ఇరవై అడుగులు వేసిందో లేదో వెనక చప్పుడైంది. బుట్ట పడిన చప్పుడు, ఆ తర్వాత మనిషి పడిన చప్పుడు. ఆ రెండో చప్పుడు ఎలా ఉంటుందో ఎదెల్మీరాకి బాగా తెలుసు. వెనక్కి తిరిగేసరికి, మిల్కావో రొట్టెలు నేలంతా చెల్లాచెదురై ఉన్నాయి, వాటి మధ్య లుద్‌గార్దా పడి ఉంది. అరవై ఆరేళ్ళ మనిషి. నలభై ఏళ్ళుగా బంగాళాదుంపలు తురిమి ఆ రొట్టెలు కాల్చి అమ్ముతోంది. కుడి మణికట్టు ఉండాల్సిన వైపు లేదు.

యాస్నా పరిగెత్తుకొచ్చింది. ముసలామెని లేపబోయిన వాళ్ళని ఆపి, ముందు చుట్టూ నేల తుడిపించి, కోటు విప్పి కప్పి, చెయ్యి కదలకుండా అట్టముక్క కట్టింది. అంబులెన్సు వెళ్ళిపోయాక ఎర్నాల్దో అందరి ముందూ యాస్నాని నిలదీశాడు. కబుర్లు చెప్పడం కాదు, తన వంతులో తడి తను చూసుకోవద్దా అన్నాడు. యాస్నా తల వంచుకుంది. తప్పు నాదేనంది. మర్నాటినుంచి ఆమెని మరుగుదొడ్ల పనికి మార్చారు. చేపలవాళ్ళు పొద్దున మాతే తాగుతూ నవ్వలేదు.

ఎదెల్మీరా అనుకున్నదంతా అచ్చం జరిగింది. ఆ సాయంత్రం ఒక గంటసేపు ఆమెకి నిజంగానే తేలిగ్గా అనిపించింది. అది దాచుకోవడం ఎందుకు. ఇంటికెళ్ళి, పొయ్యి వెలిగించి, రొట్టె తుంచింది గానీ తినకుండానే డబ్బాలో పెట్టేసింది.

పండగ గడిచాక ఆపిల్ పళ్ళు పట్టుకుని లుద్‌గార్దా ఇంటికి వెళ్ళింది. ముసలామె పొయ్యి పక్కన, మోచేతిదాకా కట్టుతో కూర్చుని ఉంది. ఎముక రెండుచోట్ల విరిగిందట. తురమడం ఇక ఏడాదికైనా వీలవుతుందో లేదోనన్నారట డాక్టర్లు. ఎదెల్మీరా, ఆ పిల్ల యాస్నా అజాగ్రత్త వల్లే ఇదంతా అని మొదలుపెట్టింది.

లుద్‌గార్దా అడ్డుకుంది. "ఆ పిల్లనేం అనకు ఎదెలూ. నేనే గుడ్డిగా నడిచాను. నిజం చెప్పనా, ఆ ఏటవాలు దారి దగ్గర నేను కిందికి చూడను కూడా చూడలేదు. నువ్వు కనపడ్డావు, అక్కడే నిలబడి. తడి ఉంటే ఎదెల్మీరా చెప్పకుండా పోతుందా అనుకున్నాను. నువ్వు కదిలి వెళ్ళావు కదా, సరే పొడిగానే ఉందన్నమాట అనుకుని కాలేశాను."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే భరించలేకపోయింది ఎదెల్మీరా. ఇన్నేళ్ళూ తనకి కావలసింది ఏదో అది ఆ ముసలామె దగ్గర ఎప్పుడూ ఉంది. తన మీద, చూడకుండా అడుగేసేటంత నమ్మకం. ఆ అడుగే జారింది.

"నేను చూశాను," అంది.

"ఏం చూశావు?"

"నీళ్ళు. చూసి వెళ్ళిపోయాను అక్కా. ఆ పిల్ల పేరు చెడితే బావుణ్ణని."

లుద్‌గార్దా పొయ్యిలో కట్టె ఎగదోసింది. తర్వాత ఎడమచేత్తో ఆపిళ్ళ సంచీ వెనక్కి తోసింది. "ఇవి పట్టుకుపో. ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పు, తర్వాత రా," అంది.

మర్నాడు పొద్దున ఎదెల్మీరా ఎర్నాల్దో గదిలోకి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఎందుకు చేశావని అడిగాడు. ఆమె చాలా కారణాలు అనుకుని వచ్చింది: పందొమ్మిదేళ్ళు, పాలిష్, చప్పట్లు. నోరు తెరిస్తే ఒక్కటే వచ్చింది. "ఓర్చుకోలేక, సార్."

ఉద్యోగం పోతుందనుకుంది. పోలేదు. యాస్నాని మళ్ళీ నడవకి తెచ్చి, పనివాళ్ళకి పెద్దగా పెట్టారు. ఎదెల్మీరాని వేసవి అయ్యేదాకా మరుగుదొడ్లకి వేశారు. ఆ మధ్యాహ్నమే యాస్నా ఆమె దగ్గరికి వచ్చింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"కోపముంటే నా మీద చూపించాల్సింది. ఆ బకెట్టు నా నెత్తిన కుమ్మరించినా సరే అనుకునేదాన్ని. మధ్యలో ఆ పెద్దావిడ ఏం చేసింది?"

ఆ రోజునుంచి యాస్నా ఎదెల్మీరాని అక్కా అనడం మానేసింది. 'ఎదెల్మీరా గారూ, సబ్బు అయిపోయింది', 'ఎదెల్మీరా గారూ, ఆ కుళాయి చూడండి'. ఆ గారూ అనే మాట ఆమెకి ముల్లులా గుచ్చుకునేది. చేపలవాళ్ళు ఆమె వస్తుంటే మాట ఆపేసేవాళ్ళు.

లుద్‌గార్దా తర్వాత రమ్మంది కాబట్టి వెళ్ళింది. మొదటిరోజు ఆమె తురుముపీట చూపించింది. ఎదెల్మీరా కూర్చుని తురిమింది. రోజూ తెల్లవారగానే అక్కడికి వెళ్ళి రెండు బుట్టల దుంపలు తురిమి, గుడ్డలో మూటకట్టి నీళ్ళు పిండి, అప్పుడు బజారుకి వచ్చేది. మాపు పిండే చేతులు కాబట్టి పిండడం బాగానే వచ్చింది. తురమడం మాత్రం లావుగా వస్తోందని ముసలామె నెలరోజులు దెప్పింది. తిట్టడం మొదలుపెట్టిన రోజున ఎదెల్మీరాకి కొంచెం ఊపిరాడింది.

డిసెంబరులో ఒకరోజు ఉత్తరపు గాలి లేచింది. పైన ఇంకా ఎండే ఉంది. మరుగుదొడ్డి కిటికీ టపటపా కొట్టుకోవడం విని ఎదెల్మీరా చేతిలో పని వదిలేసింది. ఈ గాలికి సముద్రపు పోటు తోడైతే, వాన చుక్క పడకముందే పశ్చిమపు గోడ అడుగునుంచి నీళ్ళు ఊరతాయి. అది బజారులో ఎవరికీ తెలియదు, యాస్నాకి కూడా. ఆ గాలి ఏడాదికి రెండుసార్లు వస్తే ఎక్కువ. ఆమె వెళ్ళేసరికి వెల్లుల్లి బస్తాల పక్కన నేల అప్పటికే నల్లబడుతోంది. కనపడీ కనపడని తడి, పలక రంగులో కలిసిపోయే తడి. ఆమె దాని ముందు నిలబడింది. కేకేసింది. గాలి హోరుకి ఎవరికీ వినపడలేదు. అలాగే నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది, ఇటు కాదు, బస్తాల అవతలనుంచి వెళ్ళండి అని. కొందరు విసుక్కున్నారు. ఒకాయన, ఇప్పుడు గుర్తొచ్చిందా అన్నాడు. ఆమె జరగలేదు. అరగంట పైనే అయింది. నీళ్ళు ఆమె బూట్ల మీదుగా వెళుతుండగా యాస్నా చూసి, బకెట్టూ బోర్డూ పట్టుకుని వచ్చింది.

"ఇది ఎక్కడినుంచి వస్తోంది?" అంది.

ఎదెల్మీరా చెప్పింది. గాలి సంగతి, పోటు సంగతి, పందొమ్మిదేళ్ళలో ఏయే నెలల్లో వచ్చిందో, బస్తాలు ఎంతదూరం జరపాలో. యాస్నా అంతా విని, బోర్డు ఎక్కడ పెట్టమంటావని అడిగింది. ఇద్దరూ కలిసి తుడిచారు. మధ్యలో ఎదెల్మీరా, తల ఎత్తకుండానే, "నాకు నిన్ను చూస్తే ఇప్పటికీ కుళ్ళుగానే ఉంటుంది," అంది. అబద్ధం చెప్పే ఓపిక లేక అన్న మాట అది.

"తెలుసు," అంది యాస్నా. "ఆ మూల వదిలేశావు, చూడక్కా."

ఎదెల్మీరా ఆ మూల తుడిచింది. ఎందుకో రెండుసార్లు తుడిచింది.

మార్చిలో ఆమెని మళ్ళీ నడవలోకి తెచ్చారు, యాస్నా చేతికింద. లుద్‌గార్దా చెయ్యి అతుక్కుంది గానీ వేళ్ళలో పట్టు సగమే వచ్చింది. రొట్టెలు ఆవిడే కాలుస్తుంది, తురుము మాత్రం ఎదెల్మీరాదే. ఎన్నాళ్ళని ఇద్దరూ అనుకోలేదు. చేపలవాళ్ళలో కొందరు మాట కలిపారు, కొందరు ఈనాటికీ కలపలేదు.

గురువారం యాస్నాకి సెలవు. గురువారాల్లో వచ్చినవాళ్ళు వచ్చినట్టు, యాస్నా ఏదీ అని అడుగుతారు. అడిగిన ప్రతిసారీ ఎదెల్మీరాకి గుండెలో కలుక్కుమంటుంది. ఒక్క క్షణం ఆగి, రేపొస్తుందని చెప్పి, తన చేత్తో వాళ్ళ మోచెయ్యి పట్టుకుని పొడిగా ఉన్న వైపు నడిపిస్తుంది.